వంటింట్లో గరుకెక్కడ, నునుపెక్కడ: బరంపురం, పర్లాకిమిడి వైపు ఇళ్లకు టెక్స్చర్ పని చేయించుకునే పద్ధతి

వంటిల్లు కొత్తగా చేయిస్తున్నాం అనగానే చుట్టాలందరూ ముందు రంగు గురించే అడుగుతారు. రంగు సంగతి తర్వాత చూద్దాం. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, అటు రాయగడ దాకా ఈ మధ్య కట్టిన ఏ ఇంట్లోకి వెళ్లినా వంటిల్లు ఒకే తీరుగా ఉంటోంది. గ్రానైట్ గట్టు మెరుస్తుంది, తెల్ల టైల్స్ మెరుస్తాయి, మెరూన్ లామినేట్ తలుపులు ఇంకా మెరుస్తాయి, లైటు వేస్తే ఎటు చూసినా మన మొహమే కనిపిస్తుంది. డబ్బు బాగానే పోశారు, కానీ కంటికి నిలకడగా ఆనేది ఒక్కటీ లేదు. అక్కడ లోటు టెక్స్చర్‌ది.

టెక్స్చర్ అంటే ఖరీదైన వ్యవహారమని బెదరకండి. చేత్తో తడిమితే తెలిసే గరుకు, గీత, నేత, గుంట, ఇవే. మన పాత ఇళ్లలో ఇది కావలసినంత ఉండేది: ఎర్ర గచ్చు, సున్నం గోడ, గంట్లు కొట్టిన సన్నికల్లు, వెదురు చేట, మార్గశిర లక్ష్మీవారాల్లో గడప దగ్గర బియ్యప్పిండి ముగ్గు, పక్కింటి ఒడియా వాళ్ల గోడ మీద ఝోటి, అంటే బియ్యప్పిండితో వేసే బొమ్మలు. ఇప్పుడు అదంతా తిరిగి తెచ్చిపెట్టుకోమని నేను చెప్పను, గ్యాస్ పొయ్యి, మిక్సీ, ఫ్రిజ్ వచ్చాక వంటింటి లెక్కలు మారాయి. చెప్పేది ఒకటే. జిడ్డు, నీళ్లు, చెయ్యి రోజూ తగిలే చోట నునుపు పెట్టండి, చూపు మాత్రమే తగిలే చోట గరుకు పెట్టండి. ఇది తిరగబడితే ఆర్నెల్లలో మీరే టూత్‌బ్రష్ పట్టుకుని గోడ గీతల్లో పోపు జిడ్డు గీకుతూ కూర్చుంటారు.

1. ముందు సుద్దముక్కతో గీయండి

షాపుకి వెళ్లకముందు చేసే పని ఇది. మామూలుగా వంట చేసుకుంటూ, వేపుళ్లు, చేపల పులుసు, ఆవనూనె పోపులు అన్నీ అయ్యాక గోడలు చూడండి. తెల్ల కాగితం ముక్కతో ఫ్రిజ్ పైన, అటక కింద, కిటికీ పక్కన తుడవండి. కాగితానికి పసుపుపచ్చ జిడ్డు అంటిందంటే అక్కడిదాకా పొగ వెళ్తోందని లెక్క. ఆ హద్దు సుద్దతో గీసేయండి. ఎక్కువ ఇళ్లలో పొయ్యికి అటూ ఇటూ రెండేసి అడుగులు, పైన చిమ్నీ దాకా జిడ్డు ప్రాంతం కిందికే వస్తుంది. చిమ్నీ లేకపోతే ఇంకా ఎక్కువ. సింకు చుట్టూ నీళ్ల చిందులు పడేంత మేర ఇంకో గీత. స్విచ్ బోర్డు చుట్టూ, తలుపుల అంచులు, ఫ్రిజ్ పక్క గోడ, ఇవి చెయ్యి తగిలే చోట్లు. మిగిలింది చూడండి: పొయ్యికి ఎదురు గోడ, అటక ముఖం, కూర్చుని టిఫిన్ తినే మూల, గట్టుకి అవతలి వైపు ముఖం. మీ టెక్స్చర్ అంతా అక్కడే.

ఇదే రోజు ఇంకో పని కూడా చేయండి, మన వైపు ఇది మరీ ముఖ్యం. అడుగు చదరం ప్లాస్టిక్ కవరు ముక్కని గోడకి నాలుగు వైపులా టేపుతో గట్టిగా అంటించి ఒకటి రెండు రోజులు వదిలేయండి. విప్పినప్పుడు లోపల, గోడ వైపు చెమ్మ కనిపిస్తే ఆ గోడలో నీళ్లున్నాయి. ఆ గోడ మీద ఏ టెక్స్చర్ పెయింటూ, ఏ స్టిక్కరూ నిలవదు, బుడగలొచ్చి ఊడిపోతుంది. గోపాలపూర్, ఛత్రపూర్ వైపు సముద్రపు గాలికి ఇది ఇంకా ఎక్కువ. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ తుపాన్లకి నానిన గోడలు కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉప్పు పూత పూస్తుంటాయి. ముందు ఆ కారే చోటు వెతికి బాగు చేయించండి, అలంకారం తర్వాత.

2. గట్టు రాయి

ఇక్కడే ఎక్కువ ఆలోచించాలి, ఎందుకంటే గట్టు ఒకసారి వేయిస్తే ఇరవై ముప్పై ఏళ్లు మార్చం. గ్రానైట్ విషయంలో మనం అదృష్టవంతులం. టెక్కలి చుట్టుపక్కల క్వారీల్లో దొరికే నీలి గ్రానైట్ పర్లాకిమిడి వాళ్లకి గుమ్మంలో ఉన్నట్టే, దాన్ని వదిలేసి ఎక్కడో దూరం నుంచి తెప్పించుకోవడం నాకు అర్థం కాదు. ఆ రాయిలో సహజంగానే అలల్లా గీతలుంటాయి, పాలిష్ చేసినా కంటికి టెక్స్చర్ తెలుస్తూనే ఉంటుంది.

ఫినిష్ మూడు నాలుగు రకాలు. పాలిష్ అంటే అద్దంలా మెరిసేది. హోన్డ్ అంటే నున్నగా ఉండి మెరుపు లేనిది. లెదర్ ఫినిష్ అంటే బ్రష్షులతో తోమించి చిన్న చిన్న ఎత్తుపల్లాలు తెప్పించేది, చేత్తో రాస్తే తోలు మీద రాసినట్టు ఉంటుంది. మంటతో కాల్చిన ఫ్లేమ్డ్ ఫినిష్ కూడా ఉంది కానీ అది వాకిట్లోకి, మెట్లకి, వంటింట్లోకి వద్దు. లెదర్ ఫినిష్ మీద వేలిముద్రలు, నీటి మరకలు కనబడవు, అందుకే ఇప్పుడు అందరూ అదే అడుగుతున్నారు. కాని మీ ఇంట్లో చపాతీలు గట్టు మీదే ఒత్తే అలవాటుంటే ఆ పల్లాల్లో పిండి ఇరుక్కుంటుంది, తుడవడం విసుగు. నా సలహా, పొయ్యి ఉన్న గట్టు పాలిష్ లేదా హోన్డ్, కూర్చునే వైపు గట్టు గానీ విడి బల్ల గానీ ఉంటే అది లెదర్. ఒకే బ్లాకు పలకల్లోంచి రెండు ఫినిష్‌లూ చేయించమని అడగండి, రంగు కలిసిపోతుంది, ముట్టుకుంటే తేడా తెలుస్తుంది.

షాపులో రాయి ఎంచేటప్పుడు పలక మీద నాలుగు నీటి చుక్కలు వేసి పావుగంట ఆగండి. తుడిచాక అక్కడ ముదురు మచ్చ మిగిలితే ఆ రాయి నీరు పీలుస్తోంది, నీరు లోపలికి పోకుండా ఆపే పూత, సీలర్ కొట్టించాలి. అరల్లోకి కడప రాయి వేయించడం మామూలే, తప్పేం లేదు, చవక కూడా. అది సున్నపురాయి జాతి కాబట్టి చింతపండు రసం, నిమ్మరసం, వెనిగర్ పడితే మాత్రం మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. గ్రానైట్‌కి ఆ బాధ లేదు. అందుకే పులుసు కాచే చోట గ్రానైట్, ఊరగాయ జాడీలు పెట్టే అరలో కడప రాయి ఉంటే దాని మీద ఒక పళ్లెం.

కోణార్క్ ఆలయం కట్టిన ఖోండలైట్ మన తూర్పు కనుమల రాయే కదా, గట్టుకి వాడొచ్చా అని అడిగేవాళ్లుంటారు. వద్దండీ. ఎండకీ వానకీ త్వరగా అరిగే రాయి, సముద్రపు గాలికి కోణార్క్ శిల్పాలే అరిగిపోయాయి. చెక్కిన చిన్న పలక ఒకటి ఎదురు గోడలో పొదిగించుకుంటే అందంగా ఉంటుంది, అంతవరకే.

3. డాడో టైల్స్

గట్టుకీ పై అల్మారాకీ మధ్య అడుగున్నర నుంచి రెండడుగుల గోడ, మేస్త్రీలు డాడో అంటారు. షాపుల్లో మొర్బీ నుంచి వచ్చిన త్రీడీ టైల్స్, రాతి పొరల టైల్స్, ఇటుక టైల్స్ బోలెడు చూపిస్తారు, చూడ్డానికి ముచ్చటేస్తుంది. పొయ్యి వెనక మాత్రం అవేవీ వద్దు. అక్కడ గ్లేజు ఉన్న చదును టైలే, వీలైనంత పెద్ద సైజులో, అతుకులు తక్కువగా. టెక్స్చర్ కావాలంటే, చేత్తో చేసినట్టు పైన కాస్త అలలుగా ఉండి గ్లేజు పూత నున్నగా ఉండే టైల్స్ దొరుకుతాయి. వెలుగు పడితే అలలు కనిపిస్తాయి, గుడ్డ మాత్రం సాఫీగా జారుతుంది. కన్ను, చెయ్యి రెండూ గెలిచే రకం ఇదొక్కటే.

అతుకుల్లో నింపే గ్రౌట్ మామూలు సిమెంట్‌ది పెడితే పసుపు, నూనె పీల్చి కొన్నాళ్లకి అదో కొత్త రంగు తేలుతుంది. పొయ్యి వెనక, సింకు వెనక ఈ రెండు చోట్ల ఎపాక్సీ గ్రౌట్, అంటే రెసిన్‌తో చేసింది, పెట్టించండి. ధర ఎక్కువే, పైగా గట్టిపడకముందే టైల్ మీద తుడిచేయాలి, లేకపోతే పొర పట్టి వదలదు. కాబట్టి ఆ పని తెలిసిన మనిషి చేతే చేయించండి, మిగతా చోట సిమెంట్ గ్రౌట్ చాలు.

4. నేల

నేలకి సూత్రం మారుతుంది. ఇక్కడ గరుకు అందం కోసం కాదు, జారకుండా. తడి కాలితో, చేతిలో గంజి గిన్నెతో నడిచే చోటు. మెరిసే విట్రిఫైడ్ టైల్ మీద నూనె చుక్క పడితే ఏమవుతుందో ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. మ్యాట్ టైల్ తీసుకోండి, షాపులో ఒక టైల్ మీద నీళ్లు పోసి చెప్పు విప్పి కాలితో రాసి చూడండి, సిగ్గుపడకండి. మరీ గరుకు రకం, వాకిట్లో వేసేది, వంటింట్లో వేస్తే మురికి పట్టి తడిగుడ్డ దారాలు లాగేస్తుంది.

ఎర్ర గచ్చు మళ్లీ చేయించుకోవాలని ఆశ ఉంటే మంచి ఆశే. బరంపురం పాత వీధుల్లో దశాబ్దాలు దాటిన గచ్చులు ఇప్పటికీ నిగనిగలాడుతుంటాయి. కాని అది మేస్త్రీ చేతి పని. రెడ్ ఆక్సైడ్ రంగు సిమెంట్‌లో పొడిగా ఉన్నప్పుడే బాగా కలపాలి, పై పూత మొత్తం ఒకే రోజు ఒకే చేతి మీద పూర్తవ్వాలి, కనీసం వారం రోజులు నీళ్లు కట్టి తడి ఆరకుండా చూడాలి. మధ్యలో ఎండిందా, నెర్రెలే. ఆ పనితనం ఉన్నవాళ్లు ఇప్పుడు తక్కువ, కాబట్టి పాత ఇళ్ల మరమ్మతులు చేసిన మేస్త్రీని వెతికి, ఆయన చేసిన నేల ఒకటి చూసొచ్చాకే మాట్లాడుకోండి. పొయ్యి ముందు నాలుగడుగులు మాత్రం మ్యాట్ టైల్ పట్టీ వేయించండి, గచ్చు మీద నూనె పడితే జారుతుంది.

5. అల్మారా తలుపులు

కింద అల్మారాలకి నీళ్లు, చేతులు, పిల్లల కాళ్లు తగులుతాయి. అక్కడ స్వేడ్ లేదా మ్యాట్ లామినేట్ చాలు, వేలిముద్రలు కనపడవు. చెక్క గీతలు లోతుగా ఉన్న లామినేట్ పై అల్మారాలకి, అదీ పొయ్యికి దూరంగా, గీతలు నిలువుగా వచ్చేలా పెట్టించండి. అడ్డంగా పెడితే ప్రతి గీతా దుమ్ముకి ఒక అర. లోపలి ప్లైవుడ్ నీళ్లకి తట్టుకునే రకం, మెరైన్ ప్లైవుడ్‌కి వేసే ఐఎస్ 710 ముద్ర ఉన్నది అడగండి, కనీసం సింకు కిందికైనా. పైన ఎంత అందమైన టెక్స్చర్ ఉన్నా లోపల చెక్క ఉబ్బితే తలుపు మూసుకోదు.

ఉల్లిపాయలు, బంగాళదుంపలు పెట్టే అల్మారాకి పేము నేత తలుపు చేయించండి. గాలి ఆడుతుంది, కుళ్లు వాసన రాదు, మొత్తం వంటింట్లో చెయ్యి పెట్టి చూడాలనిపించే చోటు అదే అవుతుంది. వెదురుతో చేయించుకుంటే, రాయగడ, గజపతి జిల్లాల సంతల్లో బుట్టలల్లే వాళ్ల చేతే చట్రం కొలతిచ్చి అల్లించుకోవచ్చు. పచ్చి వెదురుకి పురుగు పడుతుంది, బోరిక్ ఆమ్లం, బోరాక్స్ కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిందా అని అడిగి తీసుకోండి. సింకు దగ్గర ఈ నేత తలుపులు పెట్టకండి, చెమ్మకి సాగి వదులైపోతాయి.

పప్పు డబ్బాలు కనపడీ కనపడకుండా ఉండాలంటే గీతల గాజు, అదే ఫ్లూటెడ్ గ్లాస్, రెండు తలుపులకి మాత్రం. గీతలు లోపలి వైపుకి వచ్చేలా బిగించమనండి, బయట చదునుగా ఉంటే తుడుచుకోవడం సులువు. వంటింట్లో ఈ కిటుకు ఎవరూ చెప్పరు.

6. ఒక్క గోడ

సుద్దగీతలకి బయట మిగిలిన ఎదురు గోడ ఇప్పుడు మీది. ఒక్కటే ఎంచుకోండి. నాలుగు గోడలకీ నాలుగు రకాలు చేస్తే వంటిల్లు టైల్స్ షాపు షోరూం అయిపోతుంది.

నా ఓటు సున్నానికి. రెండు కారణాలు. గోడ లోపలి చెమ్మని సున్నం బయటికి వదిలేస్తుంది, ప్లాస్టిక్ ఎమల్షన్ పెయింట్‌లా లోపల బంధించదు. రెండోది, కుంచె జాడలతో వచ్చే ఆ మబ్బు మబ్బు గరుకు ఏ డబ్బా పెయింటుకీ రాదు. పాత పెయింట్ పూర్తిగా గీకేసి, గోడ తడిపి, బాగా నానిన సున్నం పలచగా కలిపి, ఒకసారి అడ్డంగా, ఆరాక ఒకసారి నిలువుగా, మూడు నాలుగు పూతలు వేయించండి. మందంగా ఒకే పూత వేస్తే పొట్టు లేస్తుంది. తడిగా ఉన్నప్పుడు చాలా లేతగా, వేసింది లేనట్టే ఉంటుంది, ఆరుతూ తెల్లబడుతుంది, తొందరపడి ఇంకో పూత వేయించకండి. సున్నం కంట్లో పడితే ప్రమాదం, పని చేసేవాళ్లకి కళ్లద్దాలు, చేతి తొడుగులు మీరే కొనివ్వండి, మన దగ్గర ఎవరూ అడగరు. ముందు రెండడుగుల చదరంలో నమూనా వేయించి, పగలూ రాత్రీ చూసి, అప్పుడు ఒప్పుకోండి.

ఇక సవర బొమ్మల సంగతి. ఎర్రమట్టి రంగు గోడ మీద తెల్లటి మనుషులు, చెట్లు, ఏనుగులు, ఇప్పుడు కేఫ్‌లలో, హోటళ్లలో అన్ని చోట్లా కనిపిస్తున్నాయి. సవర గిరిజనుల ఇళ్లలో దీన్ని ఇదితాల్ అంటారు, దేవతల కోసం, చనిపోయిన పెద్దల కోసం పూజ చేసి వేసే బొమ్మ. స్టెన్సిల్ కొని పొయ్యి పక్కన గీసుకోవడం నాకు నచ్చదు. ఇష్టమైతే ఆ పని తెలిసిన సవర కళాకారుల దగ్గర గుడ్డ మీద వేసిన బొమ్మ డబ్బిచ్చి కొనుక్కుని, జిడ్డు తగలని చోట, గాజు చట్రంలో పెట్టుకోండి.

గోడ మీద వేలాడదీసేవి కూడా టెక్స్చరే. పాతపట్నం దాటి కాస్త వెళ్తే బుడితి, అక్కడి ఇత్తడి, కంచు పాత్రలకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు ఉంది. సున్నం గోడ ముందు సుత్తి దెబ్బలు కనిపించే రెండు చెంబులు చాలు, పదిహేను పెడితే వారం వారం చింతపండుతో తోమేదెవరు? కోరాపుట్ వైపు ఉన్నవాళ్లయితే కొట్‌పాడ్ నేత బట్ట, సహజ రంగు వేసిన ముదురెరుపు, టిఫిన్ తినే మూలలో పరుపు గలీబుకి వాడండి. పొయ్యి దగ్గర కిటికీకి ఏ బట్టా వద్దు, మంట ప్రమాదం.

7. లైటు

ఇంత చేసి సీలింగ్ మధ్యలో ఒక్క తెల్ల ట్యూబు పెడితే గరుకంతా చచ్చిపోతుంది. టెక్స్చర్ కనపడాలంటే వెలుగు పక్క నుంచి, గోడని రాసుకుంటూ పడాలి. సున్నం గోడకి ఆరంగుళాల ఎడంలో పైనుంచి కిందికి పడే లైటు, 3000 కెల్విన్ వెచ్చని రంగుది. గట్టు మీద పని వెలుగుకి మాత్రం పై అల్మారా కింద, ముందు అంచు దగ్గర ఎల్ఈడీ పట్టీ, 4000 కెల్విన్. కూర తరిగేటప్పుడు వేళ్లు కనపడాలి కదా. ఒక హెచ్చరిక: పక్క వెలుగు ప్లాస్టరింగ్ లోపాలన్నీ బయటపెడుతుంది. అందుకని ఆఖరి పూతకి ముందు రాత్రిపూట మేస్త్రీని పిలిచి, గోడ పక్కన టార్చి పెట్టి చూపించి, ఎత్తుపల్లాలు సరిచేయించండి.

పనుల వరుస, క్వార్టర్ల వాళ్ల సంగతి

వరుస తప్పితే చేసిన పనే మళ్లీ చేయాలి. వైరింగ్, పైపులు ముందు. తర్వాత ప్లాస్టరింగ్, నేల, గట్టు రాయి, దాని మీద కూర్చునేలా డాడో టైల్స్, ఆపైన కార్పెంటర్, చిట్టచివర సున్నం. మేస్త్రీ, కార్పెంటర్ ఇద్దరినీ ఒకేరోజు ఇంట్లో కూర్చోబెట్టి టీ పోసి సుద్దగీతలు చూపించండి. ఇద్దరికీ వేర్వేరుగా చెబితే ఒకరి తప్పు ఒకరి మీద తోసేస్తారు.

దామన్‌జోడి నాల్కో క్వార్టర్లలోనో, సునాబెడ హెచ్ఏఎల్ క్వార్టర్లలోనో ఉన్నవాళ్లకి గోడలు ముట్టుకునే వీలుండదు. మీకు విడిగా తీసుకెళ్లగలిగే గరుకు కావాలి: పేము తలుపున్న చిన్న స్టాండు, గట్టు చివర నిలబెట్టే మామిడి చెక్క పలక, వెదురు బుట్టలు, రెండు ఇత్తడి గిన్నెలు, ప్లగ్గులో పెట్టే వెచ్చని లైటు ఒకటి. త్రీడీ ఫోమ్ స్టిక్కర్లు మాత్రం అంటించకండి, పొయ్యి వేడికి మెత్తబడతాయి, మంట అంటుకునే సరుకు, పైగా పీకేటప్పుడు పెయింట్ కూడా వచ్చేసి ఖాళీ చేసే రోజు గొడవ.

శుభ్రం చేసుకోవడం

టైల్స్‌కి, లామినేట్‌కి గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తటి గుడ్డ. బాత్రూం యాసిడ్ ఏ రాయి మీదా వద్దు, కడప, తాండూరు బండల మీద అసలే వద్దు. పేము నేతకి పొడి బ్రష్, ఎప్పుడైనా తడిగుడ్డ పెడితే వెంటనే గాలికి ఆరనివ్వండి. సున్నం గోడ మీద మరక పడితే రుద్దకండి, అక్కడ ఇంకో పలచటి పూత వేసేయండి, కలిసిపోతుంది. గట్టు మీద నీటి చుక్కల పరీక్ష ఏటా వానలకి ముందు ఒకసారి చేసి, మచ్చ నిలిస్తే సీలర్ మళ్లీ కొట్టించండి.